బంగారు వాగు రిపోర్టులో నేను రాయని వాక్యం

ఐర్లండ్ నదుల్లో బంగారం ఉందా అని నన్ను అడగని మనిషి లేడు. లువాస్ ట్రాములో పక్క సీటు మనిషి అడిగాడు. పళ్ల డాక్టరు నా నోట్లో చేతులు పెట్టి మరీ అడిగాడు. ఉంది. విక్లో కొండల నుంచి దిగే వాగుల్లో, ఇంకా కొన్ని చోట్ల, గులకరాళ్ల సందుల్లో ఆవగింజలో సగం కూడా లేని రేకులుగా ఉంది. రోజంతా నడుము వంచి కడిగితే అరచేతిలో నాలుగు మెరుపులు మిగులుతాయి.

నేను పనిచేసిన ప్రభుత్వ కార్యాలయంలో గనుల అనుమతులు, క్వారీల తనిఖీలు, మ్యాపులు పెద్ద పనులు. వాటి గురించి రాయను. వాటికి ఫైళ్లున్నాయి. సరదాకి బంగారం కడిగేవాళ్ల వ్యవహారం మా ఆఫీసులో చిన్న పని, ఎవరికీ పట్టని పని. చాలా ఏళ్లు అది నా బల్ల మీదే ఉంది. ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ బల్ల మీదే జరిగింది. భూగర్భశాస్త్రం చదివి ఇక్కడ ఇలాంటి ఉద్యోగాల్లోకి వస్తున్న మన పిల్లలు కొందరు "అంకుల్, ఈ పని అసలు ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు. ఇలా ఉంటుంది.

చేతి పళ్లెం, మోటారు పంపు

బంగారం కోసం మట్టి కడగడానికి మనకు జలగడగడం అని చక్కటి మాట ఉంది. మా చిన్నప్పుడు కంసాలి వీధిలో ఊడ్చిన మట్టిని పళ్లేల్లో కడిగి, పోయిన రవ్వల్ని తిరిగి పట్టేవాళ్లు ఉండేవారు. ఇక్కడ సరదాకి చేసేదీ అదే పని. వెడల్పాటి పళ్లెంలో ఇసుక, గులకరాళ్లు, నీళ్లు పోసి గుండ్రంగా తిప్పుతారు. తేలికది పోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది.

నియమాలు వినడానికి చాలా ఉంటాయి గానీ సారాంశం కొంచెమే. నేలలోని బంగారం దేశానిది. చేతి పళ్లెంతో సరదాకి కడుక్కుంటే, గుర్తుగా కొన్ని రేకులు ఉంచుకుంటే ఎవరూ పట్టించుకోరు. అమ్మకూడదు. గట్టు పక్క పొలం ఎవరిదో వాళ్లను అడగాలి. గట్టు తవ్వకూడదు. రక్షిత ప్రాంతాల్లో, పాత కట్టడాల దగ్గర అసలు దిగకూడదు. ఇక మోటారు పంపుతో అడుగు ఇసుకను పీల్చే యంత్రం, డ్రెడ్జ్ అంటారే, అది సరదా కిందకి రాదు. దానికి వేరే అనుమతులన్నీ కావాలి. సరదాగాళ్లకు ఆ అనుమతులు ఇచ్చినట్టు నేను ఎరగను.

పళ్లేనికి లేని అడ్డు పంపుకు ఎందుకో ఫైలు చదివితే తెలియదు. నాకు నోరా చూపించింది.

నోరా నా పై అధికారి. మేయో నుంచి వచ్చిన మనిషి, కాజిల్‌బార్ దగ్గర పల్లెటూరు. నేను చేరిన మొదటి డిసెంబరులో నన్ను మోకాలి లోతు చన్నీళ్లలో నిలబెట్టింది. అడుగున ఒకచోట గులకరాళ్లు మిగతా చోట్లకంటే శుభ్రంగా, తెల్లగా, దిబ్బలా ఉన్నాయి.

"ఏమిటది?" అంది.

"వరదకు కొట్టుకొచ్చిన మేట" అన్నాను.

"మంచం అది. సాల్మన్ చేప తోకతో గుంట తవ్వి గుడ్లు పెట్టి పైన రాళ్లు కప్పింది. వసంతం దాకా పిల్లలు ఆ రాళ్ల సందుల్లోనే. నువ్విప్పుడు ఇంకో అడుగు ముందుకేస్తే సగం పురుడు నీ బూటు కింద."

నేను కదలలేదు. ఆమె నవ్వింది.

పంపు ఆ మంచాన్ని మంచంగానే పీల్చేస్తుంది. పీల్చకపోయినా, పైన రేగిన బురద కింది గూళ్ల మీద పేరుకుని గుడ్లకు ఊపిరాడనివ్వదు. ఇంతే శాస్త్రం. మిగతా కాగితాలన్నీ దీని చుట్టూ కట్టిన కంచె. మీరు నియమం చదివే ముందు నీళ్లలో నిలబడి చూడండి. చూసినవాడు ఎదుటివాడికి రెండు వాక్యాల్లో చెప్పగలడు. చూడనివాడు సెక్షను నంబరు చెబుతాడు.

నా గురించి కొంత

ఇది చెప్పకపోతే తరువాతి సంగతి అర్థం కాదు. మాది గోదావరి జిల్లాలో ఒకప్పటి జమీందారీ కుటుంబం. నేను పుట్టేనాటికి మా గుర్రపుశాలలో వేరేవాళ్ల ఎరువుల బస్తాలు ఉండేవి. దివాణం గోడలు అద్దెకున్నవాళ్లు నీలం రంగు వేసుకున్నారు. మిగిలిందల్లా నిటారుగా కూర్చోవడం, అన్న మాట మీద నిలబడటం. వాటిని నేను వదులుకోలేదు. ఇప్పుడూ వదులుకోను.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. విస్తరి ముందు అర్జీ వినకూడదు. మా తాతగారు ఒక పెళ్లి పంక్తిలో, పక్కన కూర్చున్నవాడు బతిమాలితే, గోదావరిలో మా లంక భూమి సరిహద్దు కాగితం మీద ఎడమచేత్తో సంతకం పెట్టారు. కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉంది. ఆ లంక మళ్లీ మాది కాలేదు. అప్పటినుంచి మా ఇంట్లో భోజనం దగ్గర ఎవరు ఏ పని గురించి ఎత్తినా "తరువాత" అనడమే. ఉద్యోగంలో నాకు అది మంచి కవచంగా పనికొచ్చింది. అనుమతి కోసం వచ్చినవాళ్ల ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు. విందుల్లో ఆఫీసు మాట్లాడలేదు.

నోరాకు ఇదంతా వేడుక. నన్ను "దొరగారూ" అని పిలిచేది.

"మా ఊళ్లో దొరల మేడల్ని మా తాతలు తగలబెట్టారు. మీవాళ్లని మీరేం చేశారు?" అని అడిగింది ఒకరోజు.

"చట్టం చేసి రద్దు చేశాం."

"పాపం, అదే ఎక్కువ నొప్పి. మంట ఒక్కరోజులో ఆరిపోతుంది" అంది.

కుండీలో ఉసిరి

తప్పు జరిగిన ఆ ఏడు కార్తీక వనభోజనాలు పోర్ట్‌లీష్‌లో ఒక స్కూలు హాల్లో పెట్టుకున్నాం. వనం లేదు, బయట అడ్డంగా కొడుతున్న వాన. హాలు మధ్య కుండీలో ఉసిరి మొక్క. బోమాంట్ ఆసుపత్రిలో పనిచేసే ఒక డాక్టరమ్మ దాన్ని ఇంట్లో కిటికీ పక్కన పసిపిల్లలా పెంచి, కారులో ముందు సీట్లో బెల్టు పెట్టి తెచ్చింది. దాని చుట్టూ చాపలు పరిచి, కాగితం విస్తళ్లలో వడ్డించారు.

నా పక్కన ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. కుర్రాడంటే ముప్ఫై ఐదేళ్లుంటాయి. పేరు మురళి, కరీంనగర్ వైపు మనిషి, ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాల మెయింటెనెన్స్ ఇంజనీరు. భార్య స్వప్న, తొమ్మిదేళ్ల కూతురు. అంతకు ముందు రెండు మూడుసార్లు చూసి ఉంటాను.

"అంకుల్, ఒక్క డౌటు. మీరు గోల్డ్ ఆఫీసుల పనిచేస్తరట గద?"

నేను తల ఊపాను.

"మా బాపు అవుసుల పని చేస్తడు, నగలు చేసుడు. జిందగీ మొత్తం వేరేటోళ్ల బంగారమే. నా చేతులతోని ఏరిన రేకులు ఓ రెండు పంపుదామని ఉంది. గుండు పూసంత." ఫోను నా ముందు పెట్టాడు. "గీ పంపు నేనే చేసిన. సప్పుడు గూడ రాదు. క్రిస్మస్ సెలవుల పోదమనుకుంటున్న. దీనికి పర్మిషన్ ఏమన్న గావాల్నా?"

ఫొటో చూశాను. తోటకు వాడే పంపు, పక్కటెముకల్లాంటి పైపు, కింద తేలడానికి రెండు డబ్బాలు, మడతలు తిరిగిన చెక్క ట్రే. చేతిపని చాలా నాణ్యంగా ఉంది. అది డ్రెడ్జ్ అని నాకు క్షణంలో తెలిసింది. క్రిస్మస్ నాటికి ఆ వాగుల్లో గులకరాళ్ల కింద ఏముంటుందో కూడా తెలుసు.

"ఆఫీసుకు రాయండి" అన్నాను. "భోజనం దగ్గర నేను ఆఫీసు మాట్లాడను."

మురళి ముఖం ఎర్రబడింది. "సారీ అంకుల్" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఎదుటి వరసలోంచి డాక్టరమ్మ నవ్వింది. "ఏంటి మురళీ, ఆయనతోనా? వర్మగారు పులిహోర కూడా అప్లికేషన్ పెడితేనే తింటారు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మురళి కూతురు మాత్రం ఐరిష్ యాసలో "డాడ్, హి డిడన్ట్ సే నో" అంది. ఆ మాట నేను విన్నాను.

ఒక విషయం దాచను. అదే ప్రశ్న పేరున్న సర్జన్ ఎవరైనా అడిగి ఉంటే, చేయి కడుక్కున్నాకైనా పక్కకు పిలిచి చెప్పేవాణ్ణేమో. అవుసులాయన కొడుకు అడిగాడు, చేయి కడుక్కుని కారెక్కాను. దీన్ని ఇప్పుడు రాయడం నాకు సులువుగా లేదు.

ట్రేలో ఉన్నవి

మురళి ఆఫీసుకు రాయలేదు. తప్పైతే పెద్దాయన ఫొటో చూసినప్పుడే అనేవాడు కదా అనుకున్నాడు. క్రిస్మస్ వెళ్లిన రెండో రోజు విక్లోలో ఒక వాగులో దిగాడు. మధ్యాహ్నానికి కుక్కతో నడిచే ఒకావిడ చూసి చేపల సంరక్షణ అధికారికి ఫోను చేసింది.

కొత్త సంవత్సరం మొదటి వారంలో సాంకేతిక నివేదిక కోసం నన్ను పంపారు. పేరు చూశాను. "మా తెలుగువాడే, ముఖపరిచయం ఉంది" అని నోరాతో చెప్పాను. "పక్షపాతం చూపిస్తావా?" అంది. "మా వంశంలో లేదు" అన్నాను. "అయితే గ్రాండ్, ఇబ్బంది లేదు, వెళ్లు" అంది.

వాగులో పన్నెండు అడుగుల పొడవున మంచం లేచిపోయింది. గట్టు మీద రాళ్ల కుప్ప. స్వాధీనం చేసుకున్న ట్రేను అధికారి బల్ల మీద పెట్టి చూపించాడు. గరుకు గుడ్డ మీద మూడు బంగారు రేకులు. వాటి పక్కన పదకొండు చేప గుడ్లు, నారింజ రంగువి, ఎండి ముడుచుకుపోయినవి. గుడ్లే ముందు కనబడ్డాయి. రేకుల కోసం వెతకాల్సి వచ్చింది.

రిపోర్టు రాశాను. పొడవు, లోతు, బురద ఎంత దూరం వెళ్లింది, ఏ కాలం, ఏ యంత్రం. నా జీవితంలో అంత శుభ్రమైన రిపోర్టు రాయలేదు. నోరా చదివి, కళ్లజోడు తీసి, "ఉన్నదంతా ఇదేనా?" అంది.

"అంతే."

ఆ "అంతే" అబద్ధమని అప్పుడు నాకు తోచలేదు. విస్తరి ముందు జరిగింది మాటే కాదని మా ఇంటి కట్టుబాటు. మాటే కానిదాన్ని కాగితం మీద ఎలా పెడతాం? ఇలా నన్ను నేను ఒప్పించుకున్నాను. చిన్నవాళ్లకు ఒక మాట చెబుతాను. రిపోర్టు మరీ శుభ్రంగా వచ్చిందంటే మళ్లీ చదవండి. మీరు అందులో ఎక్కడున్నారో వెతకండి.

లాయరు ఉత్తరం

గూళ్లున్న మేటను చెడగొట్టడం ఇక్కడ నేరం. కేసు జిల్లా కోర్టుకు వెళ్లింది. మురళి అప్పటికే ఐరిష్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉన్నాడు. సత్ప్రవర్తన చూస్తారు. కోర్టులో శిక్ష నమోదైతే దరఖాస్తు పోయినట్టే అని అతని లాయరే చెప్పాడట. ఈ సంగతి డాక్టరమ్మ నాకు ఫోనులో చెప్పింది. "స్వప్నకు నిద్రమాత్రలు రాసిచ్చాం వర్మగారూ, మీ ఆఫీసు వైపు నుంచి ఏమైనా..." అంది. "ఆఫీసు సంగతి ఫోనులో మాట్లాడను" అన్నాను. రెండోసారి కూడా అదే చేశాను.

ఆగస్టులో మురళి లాయరు రాసిన ఉత్తరం నకలు నా బల్ల మీదికి వచ్చింది. నేరం ఒప్పుకుంటున్నాడు. పశ్చాత్తాపపడుతున్నాడు. మధ్యలో ఒక వాక్యం: "నా కక్షిదారు ముందుగా ఎవరినీ విచారించలేదు, అది అతని నిర్లక్ష్యమే."

మూడుసార్లు చదివాను. ఎవరినీ విచారించలేదు. నన్ను విచారించాడు. అతనికి ఉన్న ఒకే ఒక్క ఆధారం నేను, ఆ ఆధారాన్ని తనే తీసి పక్కన పెట్టాడు. పెద్దాయన పేరు కోర్టుకెక్కించడం ఎందుకని. మా తాతముత్తాతలకు జనం ఇచ్చిన మర్యాద లాంటిదాన్నే ఒక అవుసులాయన కొడుకు, తన పాస్‌పోర్టు ఖర్చు పెట్టి, నాకు ఇచ్చాడు. దాన్ని పుచ్చుకుని ఊరుకుంటే నేను నిటారుగా కూర్చోవడానికి ఏ ఆధారమూ మిగలదు.

నోరా గదికి వెళ్లి నిలబడే మొత్తం చెప్పాను.

"ఫొటో చూశావా?"

"చూశాను."

"పంపు అని తెలిసిందా?"

"తెలిసింది."

"జీసస్, మేరీ అండ్ జోసెఫ్." కిటికీ వైపు చూసింది. "జనవరిలో నిన్ను అడిగాను, ఉన్నదంతా ఇదేనా అని."

"అడిగారు."

"దొరగారూ, నీ మర్యాద నాకెప్పుడూ నవ్వు తెప్పించేది. ఇవాళ తెప్పించడం లేదు." ఒక తెల్ల కాగితం నా వైపు తోసింది. "ఇప్పుడే రాయి. ఇవాళ్టి తేదీ వెయ్యి. అందంగా రాయొద్దు."

రాశాను. నాలుగు లైన్లు. దాని నకలు ఒకటి కోర్టుకు వెళ్లింది, ఒకటి నా సర్వీసు ఫైల్లోకి, మందలింపు ఉత్తరంతో కలిపి.

కోర్టు

అక్టోబరులో విచారణ. మా తరఫు లాయరు వరండాలో నాకు ఒకే మాట చెప్పాడు. "అడిగినదానికి మాత్రం జవాబివ్వండి. ఆఫీసుకు రాయమని సలహా ఇచ్చారు, అది సరైన సలహాయే. అక్కడ ఆగండి."

జడ్జి వయసు మళ్లిన స్త్రీ. నా నాలుగు లైన్లు చదివి కళ్లెత్తింది.

"ఇతను మిమ్మల్ని అడిగాడా?"

"అడిగాడు. నదిలో దిగడానికి నెలకు పైగా ముందు."

"మీరు ఏమన్నారు?"

"ఆఫీసుకు రాయమన్నాను."

మా లాయరు కలం మూశాడు. అక్కడ ఆగవచ్చు. జడ్జి ఇంకా నన్నే చూస్తోంది.

"ఆ యంత్రం వాడకూడదని ఆ క్షణంలో మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పడానికి ఎంతసేపు పట్టేది?"

"ఒక్క మాట."

"ఎందుకు చెప్పలేదు?"

భోజనం, కట్టుబాటు, లంక, ఎడమచేతి సంతకం, అన్నీ నోటి దాకా వచ్చాయి. ఆ గదిలో అవి ఎలా వినిపిస్తాయో నాకు అర్థమైంది. "గర్వం వల్ల" అన్నాను. వెనక బెంచీలో మురళి తల దించుకున్నాడు, తప్పు నేను కాక తను ఒప్పుకున్నట్టు.

జడ్జి కొంచెంసేపు రాసుకుంది. గూళ్లు పోయాయని, రాయకుండా దిగడం మురళి తప్పేనని, ఆ తప్పు రుజువైందని చెప్పింది. అయితే అడిగి, సరైన మనిషినే అడిగి, జవాబు దొరకనివాడిగా అతన్ని చూస్తున్నానని, శిక్ష నమోదు చేయడం లేదని చెప్పింది. పౌరసత్వం చాలా ఆలస్యంగా, ఇంకా కొన్ని వివరణలు అడిగాక వచ్చింది. ఆ రోజు మాత్రం అది వస్తుందని ఎవరికీ తెలియదు.

బయట మెట్ల మీద మురళి, స్వప్న నిలబడి ఉన్నారు. నిజం చెప్పాలంటే, నేను కాస్త ఛాతీ విరుచుకునే దిగాను. అంతమందిలో ఆ మాట అనగలిగానని నాకు లోపల ఒక సంతృప్తి. రెండు మంచి మాటలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.

"మంచిగ చెప్పిన్రు అంకుల్" అన్నాడు మురళి.

స్వప్న నా ముఖంలోకి సూటిగా చూసింది.

"గీ ముక్క జనవరిలనే రాస్తే అయిపోవు గద అంకుల్. తొమ్మిది నెలలు. మా బిడ్డ ఇస్కూల్ల ఎవలన్న అడిగితే మేం ఈడ ఉంటమో లేదో తెల్వదని చెప్పింది. గది ఎవలు రాస్తరు రిపోర్టుల?"

"ఊకో స్వప్నా, పెద్దమనిషి" అన్నాడు మురళి.

"పెద్దమనిషనే అడుగుతున్న."

ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. ఏదో ఒక సెక్షను దొరికేది. "తప్పు నాదే అమ్మా" అన్నాను. ఆమె ఆ మాట విన్నదో లేదో, వానలోకి నడిచి కారు తలుపు తీసుకుంది.

మురళి వెళుతూ నాకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి చేతులెత్తలేకపోయాను.